జమాత్‌కు పోయినాడు

మా తమ్ముడు కర్నూలులో ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో ఉన్నాడు. తాగుడు మానడానికి చేరినాడు. మొదటి మూడు నెలలూ ఈ సంగతి మా పాములపాడులో ఎవరికీ తెలియనివ్వలేదు. అడిగినవాళ్లందరికీ మేం చెప్పింది ఒకటే మాట: "జమాత్‌కు పోయినాడు. నాలుగు నెలలకు."

ముస్లిమేతరుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. తబ్లీగీ జమాత్‌తో 40 రోజులు ఇల్లు విడిచి పోతే దాన్ని చిల్లా అంటారు. మూడు చిల్లాలు కలిపితే నాలుగు నెలలు. ఊరూరా మసీదుల్లో ఉంటూ, తోటి ముస్లింలను నమాజుకు పిలుస్తూ తిరుగుతారు. సెంటర్‌వాళ్లు కూడా మూడు నాలుగు నెలలు ఉంచాలన్నారు. లెక్క సరిపోయింది. ఆ అబద్ధం మొదట అమ్మ నోట వచ్చిందో నా నోట వచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. హిందువులకు మేం తురకలం, ఉర్దూ మాట్లాడే ముస్లింలకు సగం ముస్లింలం. అట్లాంటి ఇంటి పిల్లోడు నాలుగు నెలల జమాత్‌కు పోయినాడంటే మాటలా? అంతకుముందు పలకరించనివాళ్లు కూడా అమ్మకు సలాం చెప్పడం మొదలుపెట్టినారు. "వచ్చినాక మన మసీదులో వాడితో నాలుగు మాటలు చెప్పించాల" అన్నారు మసీదు పెద్దలు. చెల్లెలి సంబంధం ఏడాదిగా నానుతూ ఉండింది. అన్న దీన్‌లో ఉన్నాడని విని నంద్యాల నుంచి వాళ్లే కబురు పెట్టినారు.

ఇంట్లోవాడి తప్పును కప్పిపెట్టడం వాడికి సాయం చేయడమేనా? ఈ ప్రశ్న నాకు అప్పుడు మొదలైంది.

తాగేవాడున్న ప్రతి ఇల్లూ ఆ సంగతి దాస్తుంది. ముస్లిం ఇంటి దాపరికానికి ఇంకో గోడ ఉంది. మా మతంలో తాగుడు హరాం. కాబట్టి మా ఇళ్లలో తాగుడు లేదని మేం అంటాం, మీరూ అంటారు. లేని రోగానికి వైద్యం ఎవరు చేయిస్తారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడి, ఇంట్లో పడే బాధను బజార్లో చెప్పినారు. అక్కడ రగిలిన ఉద్యమంతో 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యం మీద నిషేధం వచ్చింది, 1997లో పోయింది. తన ఇంటి మాటను అట్లా బజార్లో చెప్పడానికి మా అమ్మకు నోరెక్కడిది? ఆమె ఖాళీ క్వార్టర్ సీసాలను కొంగు కింద పెట్టుకుని పోయి, చీకటి పడినాక కాలువలో పారేసి వచ్చేది.

వాడు తాగుడు ఎక్కడ నేర్చుకున్నాడో కూడా చెప్పాలి. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే కృష్ణా నీళ్లు బనకచర్ల రెగ్యులేటర్ దగ్గర మూడు దారులు పట్టేది మా మండలంలోనే. నీళ్లున్న చోట మోటార్లుంటాయి. వాడిది మోటారు వైండింగ్ పని. పని అయినాక దోస్తులు సీసా తెరిచేవాళ్లు. "ఏం సాయిబూ, మతం అడ్డొచ్చిందా?" అనేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పండగకు మా ఇంట్లో సేమ్యా తిన్నవాళ్లే. కానీ వాళ్ల లెక్కలో తాగని ముస్లిం ఛాందసుడు, తాగే ముస్లిం మనవాడు. లౌకికవాదులమని చెప్పుకునే చదువుకున్న మిత్రులు కూడా ఈ పరీక్ష పెట్టడం చూసినాను. మా చేతిలో గ్లాసు కనపడితే తప్ప మా మీద నమ్మకం కుదరదు. తీరా వాడు రోడ్డు మీద పడిపోయిన రోజు, "తురకోడు కూడా తాగుతాడే" అని నవ్వినవాళ్లలో ఆ దోస్తులూ ఉన్నారు. హిందువు తాగి పడిపోతే ఒక మనిషి పడిపోయినట్టు. మావాడు పడిపోతే మా జాతంతా పడిపోయినట్టు. వాడు తాగిన ప్రతి చుక్కకూ వాడే బాధ్యుడు, అందులో నాకు సందేహం లేదు. గ్లాసు అందించినవాళ్లను కూడా లెక్కలో చేర్చమంటున్నాను, అంతే.

సెంటర్‌కు పోకముందు మేం చేయని పని లేదు. తాయెత్తు కట్టించినాం. దర్గాలో మొక్కుకున్నాం. ఖురాన్ మీద ఒట్టు పెట్టించుకున్నాం. ఒట్టు పెట్టి మానిన రెండో రోజు వాడికి చేతులు వణికి ఫిట్స్ వచ్చినాయి. గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచినాడు. గాలి సోకిందనుకున్నాం. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఇట్లా జరగొచ్చని, ప్రాణం కూడా పోవచ్చని, డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా మాన్పించాలని ఆస్పత్రిలో చెప్పినాకే తెలిసింది.

గాలి అనుకుని గొలుసులు వేసే చోటికి తీసుకుపోయేవాళ్లు మనలో లేరా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన మానసిక రోగులను ఉంచిన పాక అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు 28 మంది చనిపోయినారు. వాళ్లను అక్కడికి చేర్చింది వాళ్ల ఇంటివాళ్లే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తాగుడు వల్ల, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుల్లో చేర్చింది. గొలుసులు వేయకూడదని చెప్పింది. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. అట్లా అందిన ఒక్కరిలో మావాడున్నాడు. అందుకు సంతోషపడాల్సింది పోయి దాచినాం.

మూడో నెలలో వాణ్ణి చూడను పోయినాను. "నా గురించి ఊర్లో ఏం చెప్పినారక్కా?" అని అడిగినాడు. చెప్పినాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఇక్కడ రోజూ అందరి ముందర నిలబడి నేను తాగుబోతునని చెప్పాలక్కా. మొదట్లో నోరు రాలేదు. ఇప్పుడు చెప్తే బరువు దిగినట్టుంటాది. ఇంటికొచ్చినాక ఎవరితో చెప్పేది? మసీదులో నాతో బయాన్ చెప్పిస్తారంటివి. ఆ పొద్దే నాకు తాగాలనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాల?"

నా దగ్గర జవాబు లేదు. వాణ్ణి కాపాడుతున్నామనుకున్నాం. కాపాడుకున్నది మాకొచ్చే సలాంలను, చెల్లెలి సంబంధాన్ని. వాడు తిరిగొచ్చి నిలబడాల్సిన చోట, జమాత్ చేసొచ్చిన వేరే మనిషిని నిలబెట్టినాం. రేపు వాడు ఆ మనిషిలా నటిస్తూ బతకాలి.

తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాన్ని అల్లా కప్పుతాడని హదీసు ఉంది. అమ్మ దాన్నే పట్టుకుంది. అన్యాయం చేసే సోదరుడికి కూడా సాయం చేయమన్నారు ప్రవక్త. అదెట్లా అని అడిగితే, అతని చేయి పట్టుకుని ఆపడమే సాయమన్నారు. తాగి పదేపదే శిక్షపడిన ఒక మనిషిని ఎవరో శపించబోతే వద్దన్నారు, అతనికి అల్లా మీదా ప్రవక్త మీదా ప్రేమ ఉందన్నారు. ఆ మనిషి తాగుడు ఎవరికీ తెలియనిది కాదు. అయినా వెలివేయలేదు. మద్యం కూడా ఖురాన్‌లో ఒక్క దెబ్బన నిషేధం కాలేదు. మేలు కన్నా కీడెక్కువని బఖరా సూరాలో, మత్తులో నమాజు దగ్గరికి రావద్దని నిసాలో, పూర్తిగా మానమని చివరకు మాయిదాలో వచ్చింది. మొదటి తరం ముస్లింలకే మానుకోవడానికి వ్యవధి దొరికింది. మా తమ్ముడికి మా ఊరు ఎందుకివ్వకూడదు?

అట్లాగని ఇంటింటికీ పోయి చాటాలని అనడం లేదు. ఈ సంగతి వాడిది. ఎవరికి చెప్పాలో వాణ్ణే అడిగినాను. ఇమాం సాబ్‌కు, షాపు యజమానికి, నంద్యాలవాళ్లకు చెప్పమన్నాడు. మిగతావాళ్లకు, ఒంట్లో బాగలేక కర్నూలులో వైద్యం చేయించుకుంటున్నాడంటే చాలన్నాడు. అందులో అబద్ధం లేదు, వాడి పరువుకు లోటూ లేదు. ఇప్పుడు ఇది రాయడానికి కూడా వాడు ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

ఇమాం సాబ్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బయాన్ వద్దులే. వచ్చినాక ఫజర్‌కు నా పక్కన నిలబడమను" అన్నారు. నంద్యాలవాళ్లకు అమ్మే ఫోన్ చేసి చెప్పింది. ఆలోచించుకుని చెప్తామన్నారు. 16 రోజులైంది, కబురు లేదు. చెల్లెలు నాతో మాట్లాడటం లేదు. ఆమె కోపం అన్యాయమని నేననలేను. అన్న చికిత్సకు ఆమె ఎందుకు మూల్యం కట్టాలి? దానికీ నా దగ్గర జవాబు లేదు.

వచ్చే ఆదివారం సెంటర్‌కు పోతున్నాం. ఈసారి అమ్మ కూడా వస్తానంది. "బస్సులో ఎవరన్నా ఎక్కడికని అడిగితే?" అంది.

"కొడుకును చూడను పోతున్నానని చెప్పు" అన్నాను.