పాలు పడని పసివాళ్లు
అన్నప్రాశన నాడు పాయసం నాకించగానే బిడ్డ పెదాలు ఉబ్బి, ఒంటినిండా దద్దుర్లు లేస్తే దిష్టి తగిలిందనుకుంటాం. అది పాల అలర్జీ కావచ్చు. పాలలోని కేసీన్, వే ప్రొటీన్లను ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువులనుకుని తిరగబడుతుంది. లాక్టోజ్ అరగకపోవడం వేరు. అందులో కడుపుబ్బరం, విరేచనాలు ఉంటాయి కానీ, పెరుగు చాలామందికి పడుతుంది. అలర్జీ ఉన్న బిడ్డకు పెరుగూ ప్రమాదమే. గేదె పాలు, మేక పాలు కూడా. నేతిలోనూ ఆ ప్రొటీన్ కాస్త మిగలొచ్చు. బిస్కెట్లలోనూ పాలు ఉన్నాయేమో, ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాలు చదవండి. ఊపిరి అందకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

"ఒక్క చుక్కేగా, ఏం కాదులే" అంటూ అమ్మమ్మ గిన్నె అందిస్తుంటే అలర్జీ ఉన్న బిడ్డ తల్లి చెయ్యి అడ్డం పెడుతుంది. దయచేసి ఆమెను తప్పుపట్టకండి. చాలామంది పిల్లల్లో ఈ అలర్జీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. పాలు మళ్లీ ఎప్పుడు పట్టాలో మాత్రం డాక్టరే చెప్పాలి.