పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు

ధ్యాన భాగములు: అపొ. కార్యములు 19:11-20, 1 కొరింథీయులకు 11:1



పై సామెత మన పల్నాటిలో పిల్లల నోట సైతము వినబడును. ఇందులోని మాటలన్నియు మన పొలిమేరలోనివే. మాచర్లకు ఆవల నల్లమల అడవిలో పులులు నేటికిని కలవు. నక్క మన చేలగట్ల మీద తిరుగు జంతువు. వాత యనగా కాల్చిన ఇనుముతో చర్మముపై వేయు గురుతు. పశువులకు జబ్బు చేసినప్పుడు పెద్దలు వాతలు వేయుట మన గ్రామములలో తెలిసిన సంగతియే. పులి ఒంటిమీది చారలను చూచి ముచ్చటపడిన నక్క, అవి వాతలే యనుకొని, తన ఒళ్లు తానే కాల్చుకొన్నదట. చారలు రాలేదు సరిగదా, పుండ్లు మిగిలినవి.

పులి చారలు వెండ్రుకలలో మాత్రమే లేవు. వెండ్రుకలు గొరిగినను చర్మముమీద అగపడును. అవి పుట్టుకతో వచ్చినవి. నక్క గురుతులు బయటి నిప్పుతో వచ్చినవి. సామెత భావమంతయు ఈ భేదమందే యున్నది.

ఎఫెసు పట్టణములో స్కెవ కుమారులు ఏడుగురు చేసినది ఇదియే గదా! పౌలు యేసు నామమున దయ్యములను వెళ్లగొట్టుట చూచి, వారును ఆ నామమునే పలికిరి. పౌలు మాట వారికి చిక్కెను గాని, పౌలు ప్రభువును వారెరుగరు. దయ్యము పట్టినవాడు వారిపై పడగా, వారు గాయములతో, వస్త్రములు లేక పారిపోయిరి.

అట్లయిన ఒకరిని పోలి నడుచుట తప్పా? కాదు. తాను క్రీస్తు అడుగులలో నడచుచున్నందున, తన వెంట నడువుడని పౌలే కొరింథు సంఘమును కోరెను. ఫాదర్ హయ్యరు 1842లో గుంటూరునకు వచ్చి, 1849లో మన గురజాల చేరెను. వైద్యము కూడ నేర్చినవాడు. 1869లో డెబ్బదియారేండ్ల ముదిమిలో, సేవ నిలువవలెనని మరల ఓడ యెక్కి ఈ దేశమునకు వచ్చెను. ఆయన కోటును, మాట తీరును అనుకరించిన అది వాత. ఆయనను కదిలించిన ప్రేమను ప్రభువునొద్ద అడిగి పొందిన అది చార.

ప్రియులారా, మన యిండ్లను చూచుకొందము. పొరుగింటి పెండ్లి పందిరి చూచి అప్పు చేసి అంతకు మించిన పందిరి వేయుచున్నాము. ప్రక్క చేనిలో నీరు పడినదని, మన నేల సంగతి విచారింపకయే వడ్డీకి తెచ్చి బోరు వేయించుచున్నాము. నక్క వాత నక్కనే కాల్చెను. ఇంటి పెద్ద పెట్టుకొన్న వాత బిడ్డలను కూడ కాల్చును. వారి చదువు ఆగును, ఉన్న అరయెకరము తాకట్టు పోవును. ఆడంబరము చూచి మెచ్చినవారిలో ఒక్కడును ఆ వడ్డీ కట్టడు.

కావున ఒకరిని చూచి ఏదైన చేయబోవునప్పుడు, దీనిలో మేము కోరునది గురుతా, గుణమా యని దేవుని యెదుట అడుగుకొందము. పొరుగువాని ఓర్పును, దానగుణమును, కుటుంబ ప్రార్థనను చూచి నేర్చుకొందము. వాటికి అప్పు అక్కరలేదు. లోపలనుండి మనలను మార్చు ఆత్మను ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.