సీసా మీద మనిషి

పోయిన నెల మా ల్యాబ్‌కి ఒక చిన్న సీసా వచ్చింది. అడుగున ఉందో లేదో తెలియని తెల్లటి పొడి, యాభై మైక్రోగ్రాములు. లేబుల్ మీద: రీకాంబినెంట్ హ్యూమన్ గ్రోత్ హార్మోన్. మూలం, ఇ. కోలై. పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడకూడదు. కొత్తగా చేరిన పీహెచ్‌డీ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "హ్యూమన్ అంటే ఎవరు మేడమ్?" అంది. నవ్వేశాను. బ్యాక్టీరియాలో చేస్తారమ్మా, ఇందులో మనిషెవరూ ఉండరు అన్నాను. తర్వాత ఆ జవాబు నాకే నచ్చలేదు.

నిజానికి ఉండరు. ఈ ప్రొటీన్ 191 అమైనో ఆమ్లాల గొలుసు. ఏది ముందు, ఏది వెనక అన్న వరస మనిషిది, కట్టేది బ్యాక్టీరియా. ఆ వరస చెప్పే డీఎన్‌ఏ ముక్కని దాంట్లో పెట్టి 37 డిగ్రీల దగ్గర పెంచుతారు (మన ఒంటి వేడే అది, మన పేగుల్లో కాపురముండే జీవి కదా). తనకి ఏ పనికీ రాని ఆ సరుకుని అది చేసి చేసి, చాలాసార్లు లోపల ఉండలుగా పోగేస్తుంది. కణాన్ని పగలగొట్టి, ఆ ఉండల్ని కరిగించి, ప్రొటీన్ మళ్ళీ సరిగ్గా మడతపడేలా చూడాలి. ఆవకాయ సీసా మీద "అమ్మమ్మ చేతి రుచి" అని రాస్తారే, అలాంటిదే ఈ హ్యూమన్. ఏ అమ్మమ్మ చెయ్యీ అందులో పడలేదు. పాళ్ళు మాత్రం ఆవిడవి.

చెయ్యి పడకపోవడమే మేలనిపించే కథ కూడా ఉంది. ఒకప్పుడు ఈ హార్మోన్‌ని చనిపోయినవాళ్ళ పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవారు. ఎందరివో గ్రంథులు ఒక్కచోట కలిపి, అందులోంచి మందు చేసి, ఎదుగుదల లేని పిల్లలకి ఇచ్చేవారు. అమెరికాలో 1963 నుంచి 1985 దాకా సుమారు 7,700 మందికి అలా ఇచ్చారు. ఆ పిల్లల్లో కొందరు ఎదిగారు, పెద్దవాళ్ళయ్యారు, ఆ తర్వాత క్రాయిట్జ్‌ఫెల్ట్-జేకబ్ అనే మెదడు జబ్బుతో పోయారు. 1985లో ఆ మందు ఆపేశారు. అదే ఏడాది బ్యాక్టీరియాలో చేసిన హార్మోన్‌కి అనుమతి వచ్చింది. దాని గొలుసులో మొదట మిథియోనిన్ ఒకటి అదనంగా ఉండేది, మొత్తం 192. అచ్చంగా మనిషిది చంపింది. ఒక పూస ఎక్కువున్నది కాపాడింది.

అక్కడితో ఆగితే నా జవాబు సరైనదే. కానీ ఆ డీఎన్‌ఏ ముక్క ఎక్కడిది? 1978లో ఇన్సులిన్‌ని బ్యాక్టీరియాలో చేసినప్పుడు జన్యువు మొత్తాన్నీ రసాయనాలతో కూర్చారు, ఎవరి కండా అవసరపడలేదు. గ్రోత్ హార్మోన్ జన్యువు పొడుగు. కొంత కూర్చి, మిగతాది మనుషుల పిట్యూటరీ కణాల్లోని ఆర్‌ఎన్‌ఏ చూసి నకలు తీశారు. అంటే ఎవరో ఉన్నారు.

దీని మీద పెద్ద కోర్టు తగువే నడిచింది, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ జెనెన్‌టెక్ కంపెనీకీ. కంపెనీలో చేరిన పీటర్ సీబర్గ్ అనే శాస్త్రవేత్త, 1978 డిసెంబర్ 31 రాత్రి విశ్వవిద్యాలయం ల్యాబ్‌కి వెళ్ళి తాను తయారుచేసిన శాంపిళ్ళు తెచ్చుకున్నాడు. చివరికి 1999లో 20 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. క్లోన్ ఎవరిది, పేటెంట్ ఎవరిది అన్నదే గొడవంతా. గ్రంథి ఎవరిది అన్నది తగువులో లేనే లేదు.

వాళ్ళకి వాటా రావాల్సిందని నేననను. ఆ వరస నాలోనూ ఉంది, మీలోనూ ఉంది, ఆ అమ్మాయిలోనూ ఉంది; నాదే అని ఎవరంటారు? నాకు గుచ్చుకుంటున్నది వేరు. బ్యాక్టీరియాకి మేం గోత్రనామాలు రాసుకుంటాం. తొలినాళ్ళలో ఇలాంటి పనులకి వాడిన కె-12 రకం 1922లో స్టాన్‌ఫర్డ్‌లో దొరికిందని ఏ విద్యార్థినడిగినా చెప్పగలగాలి. అదీ ఒక రోగి మలం నుంచే దొరికింది. బ్యాక్టీరియా వంశం నిలిచింది, రోగి పేరు మాత్రం మాకెవరికీ తెలీదు. తెలుసుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు కూడా.

మొన్న సీసా వాడాక రిజిస్టర్ నింపాను. "మూలం" అన్న గడి చాలా చిన్నది. ఇ. కోలై అని రాశాను. ఆ అమ్మాయి పక్కనే నిలబడి చూసింది, ఏమీ అనలేదు.