చిల్లు కాణీకి ఎన్ని మార్కులు?

ఎక్కడ పడితే అక్కడ దొరికే పాత నాణేలు పోగుచేయడంలో గొప్పేముందని అడుగుతుంటారు. ఏమీ లేదు. నా దగ్గరున్న డజను చిల్లు కాణీల్లో ఏ ఒక్కటీ హోటల్లో కాఫీ ఖరీదు చేయదు. యుద్ధం రోజుల్లో లోహం పొదుపు చేయడానికి 1943లో మొదలుపెట్టి 1947 దాకా వీటిని ముద్రించారు. అంతకుముందు దాదాపు 5 గ్రాములుండే కాణీ, నడుమ అంత చిల్లు పెట్టి పల్చన చేశాక 2 గ్రాములకు దిగింది. రూపాయికి 64. కొన్ని పిల్లల మొలతాళ్ళకీ ఎక్కాయి.

నన్ను తొలిచే సంగతి వేరే. టంకశాల దాటాక ఎవరి చేతిలోనూ పడని కాణీకి మంచి ధర పలుకుతుంది. ఉప్పూ చింతపండూ కొనీ కొనీ, చిల్లు పైనున్న కిరీటం అరిగిపోయినదాన్ని గుప్పెళ్ళ లెక్కన అమ్ముతారు. చేయాల్సిన పని చేయకపోవడమేనా దాని అర్హత?

అర్థశాస్త్రం జవాబు సులువే. బంగారు మొహరీలా పెట్టెలో పడుకునే యోగం చిన్న నాణేనికి లేదు, అన్నీ పనిలోకి వెళ్ళాయి, అందుకే అరగనివి తక్కువ. ఒప్పుకుందాం. కానీ మనం ధరతో ఆగం కదా. అది 'మంచిది', ఇది 'పాడైంది' అంటాం.

ఈ మార్కుల పద్ధతికి మూలపురుషుడు విలియం షెల్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు. 1949లో ఆయన 1 నుంచి 70 దాకా స్కేలు కట్టింది బంగారానికి కాదు, వాళ్ళ పాత రాగి సెంట్లకి. 1 మార్కు సెంటుకన్నా 70 మార్కుల సెంటు డెబ్భై రెట్లు ఖరీదు చేయాలని లెక్క. ఇవాళ మన కాణీలనీ ప్లాస్టిక్ డబ్బాల్లో బిగించి అదే స్కేలు మీద అంకె వేస్తున్నారు. మనుషుల ఒళ్ళు చూసి, దానికి మూడంకెలు వేసి, స్వభావం చెప్పేయొచ్చని నమ్మినవాడు కూడా ఈయనే! అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోంచి మేలైన సెంట్లు తీసుకుని, అదే రకానికి చెందిన నాసివి వాటి చోట పెట్టాడని తర్వాత బయటపడింది.

ఇక్కడ నా వాదన నాకే అడ్డం తిరుగుతుంది. అరిగిందీ అరగందీ ఒకటే అంటే షెల్డన్ దొంగతనమే చేయలేదు. సెంటు తీశాడు, సెంటు పెట్టాడు. కిరాణా కొట్లో అయితే నిజంగానే అంతే, ఏ కాణీ ఇచ్చినా ఒకటే. డబ్బంటేనే అది. "నాకు ఇదే కావాలి" అన్న క్షణాన అది డబ్బు కావడం మానేస్తుంది. కాబట్టి తేడా చూడొద్దని అనలేను. ఏ తేడా చూస్తున్నామన్నదే నా పేచీ. టంకశాల పెట్టిన చిల్లు డిజైను. ఓ తల్లి బిడ్డ మెడలో కట్టడానికి పొడిచిన చిల్లు డ్యామేజీ. రెండూ అవసరానికి పెట్టినవే, మొదటిది సర్కారు అవసరం, అంతే.

అలా ఎవరో చిల్లు పొడిచిన 1862 విక్టోరియా పావు అణా ఒకటి ఈమధ్య కోఠీలో కొన్నాను. "అదెందుకు సార్, ఇదే సంవత్సరంది చిల్లు లేనిది ఇస్తా, అదే రేటుకి తీసుకోండి" అన్నాడు కొట్టతను. నష్టానికే ఇస్తున్నాడు పాపం. వద్దన్నాను. నా వంక ఓసారి చూసి, పేపరు ముక్కలో చుట్టి ఇచ్చాడు.