సాధనమూ, సంయమమూ

పుస్తకాన్ని ఇనుప గొలుసుతో బల్లకు బంధించి ఉంచిన గ్రంథాలయాలు ఐరోపాఖండంలో అనేక శతాబ్దాలు నిలిచినవి. చేతివ్రాత ప్రతులు అరుదుగా, అమూల్యంగా ఉన్న కాలంలో ఆ గొలుసుకు అర్థం ఉండినది. వింత ఏమనగా, అచ్చుయంత్రం వచ్చి పుస్తకం సులభమైన తరువాత కూడ గొలుసు వెంటనే తెగిపోలేదు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డు ప్రధాన క్రైస్తవాలయంలో గొలుసుల గ్రంథాలయాన్ని అమర్చినది 1611లో. అనగా అచ్చు వచ్చిన నూటయేబది యేండ్ల పిమ్మట. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా నియుక్తుడైన గణితాధ్యాపకుడు ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ఐదు గ్రంథాలయ సూత్రాలను ప్రకటించినాడు. పుస్తకం ఉన్నది ఉపయోగించుట కొరకే అన్నది వానిలో మొదటిది. ఇంత స్పష్టమైన మాటను సూత్రంగా చెప్పవలసి వచ్చినదంటే, దానికి విరుద్ధమైన అలవాటు ఎంత బలమైనదో ఊహింపవచ్చును.

ఆ అలవాటు పుస్తకంతో పోలేదు. కంప్యూటరు ఈ దేశపు కళాశాలలలో ప్రవేశించిన తొలిదినాలలో దానికొక ప్రత్యేకమైన గది, గదికొక తాళం, తాళంచెవికొక అధికారి ఏర్పడినారు. విద్యార్థి చెప్పులు వాకిట విడిచి, గర్భగుడిలోనికి పోయినట్లు లోపలికి పోయేవాడు. యంత్రం మీద దుమ్ము పడరాదన్న శ్రద్ధ గొప్పది. దాని మీద విద్యార్థి చేయి పడవలెనన్న శ్రద్ధ అంతగా కనబడలేదు.

యంత్రం చిన్నదై, ఆ గదిని విడిచి విద్యార్థి జేబులోనికి వచ్చిన తరువాత తాళం ఎక్కడ వేయవలెనన్న చిక్కు వచ్చినది. కేరళలో ఒక ఉదంతం ఈ చిక్కును న్యాయస్థానం దాకా తీసికొనిపోయినది. కోళికోడు జిల్లాలోని ఒక కళాశాల బాలికల వసతిగృహంలో రాత్రి పది గంటల నుండి ఉదయం ఆరు వరకు మొబైలు ఫోను వాడరాదని నియమం ఉండెడిది. 2019లో దానిని సాయంకాలం ఆరు మొదలు రాత్రి పది వరకు అని మార్చినారు. అది సరిగా చదువుకొనే వేళ. బి.ఎ. వంటి పట్టపు తరగతులవారికి లాప్‌టాప్ సైతం నిషిద్ధం. ఆంగ్లసాహిత్యం చదువుతున్న ఒక విద్యార్థిని ఈ నియమానికి లోబడననగా ఆమెను వసతిగృహం నుండి పంపివేసినారు. ఆమె హైకోర్టును ఆశ్రయించినది. ఇంటర్నెట్టును అందుకొనే హక్కు విద్యాహక్కులోనూ, రాజ్యాంగపు 21వ అధికరణం క్రింది గోప్యతా హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరు 19న న్యాయమూర్తి పి. వి. ఆశ తీర్పు చెప్పినారు. విద్యార్థినిని తిరిగి చేర్చుకొనవలెనని ఆదేశించినారు.

చట్టం సంగతి తేలినది. నీతి సంగతి అంత త్వరగా తేలేది కాదు. ఏలననగా నియమం చేసినవారిని దుర్జనులని కొట్టివేయుటకు వీలులేదు. ఫోను చేతిలో ఉన్న యువతీయువకుల గంటలు ఎట్లు కరిగిపోతున్నవో ప్రతి తల్లికీ తెలుసును. పెద్దల గంటలు కూడ అట్లే కరిగిపోతున్నవని పిల్లలకూ తెలుసును. పరధ్యానం నిజం. వ్యసనం నిజం. చదువు అంటే చిత్తాన్ని ఒకచోట నిలుపుటయే అని నమ్మిన సంప్రదాయం ఈ దేశంలో చిరకాలంగా ఉన్నది. గురుకులవాసికి భోగవస్తువులు వర్జ్యమైనది ఊరక కాదు.

కాని ఆ సంప్రదాయంలోనే కఠోపనిషత్తు ఉన్నది. నచికేతుడు మృత్యురహస్యం అడిగినప్పుడు యముడు అతనికి నూరేండ్లు బ్రతికే పుత్రపౌత్రులను, ఏనుగులను, గుర్రాలను, బంగారాన్ని, రథాలెక్కిన సుందరులను ఇవ్వజూపినాడు. వానిని ఒక గదిలో పెట్టి తాళం వేసి, బాలుడు విరాగి అయినాడని ప్రకటించలేదు. ఎదుట ఉంచినాడు, కోరుకొమ్మన్నాడు, బాలుడు వద్దన్నాడు. శ్రేయస్సు, ప్రేయస్సు అన్న రెండు మార్గాలను గురించిన ఉపదేశం ఆ పిమ్మటనే మొదలగుచున్నది. ఎన్నుకొనే అవకాశం లేనివానికి ఆ ఉపదేశం చేసి ప్రయోజనం లేదు. రాత్రి పదింటికి ఫోను తిరిగి చేతికి వచ్చేవరకు గడియారం చూచుచు కూర్చున్న విద్యార్థిని నేర్చుకొన్నది నిరీక్షణ. దానిని సంయమమని పిలుచుట పొరపాటు. కళాశాల విద్యార్థులు వయోజనులన్న సంగతిని న్యాయస్థానం గుర్తుచేయవలసి వచ్చినది. ఓటు వేయదగిన మనిషికి ఏ వేళ ఫోను చూడవలెనో తెలియదనుట విడ్డూరమే కదా.

ఆ తీర్పు వచ్చిన ఆరు నెలలకే, 2020 మార్చిలో, మహమ్మారి కారణంగా దేశంలోని కళాశాలలన్నీ మూతపడినవి. నిన్నటి దాకా చేతినుండి లాగికొన్న ఫోనే పాఠశాల అయినది. అది లేనివాడు తరగతికి రానివాడయినాడు. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటరు ఉన్న ఇండ్లు గ్రామాలలో నూటికి 4.4, పట్టణాలలో 23.4 మాత్రమే. ఆ తరువాత ఫోన్లు చాల ఇండ్లకు చేరినవి, నిజమే; కాని ఫోనులో పాఠం వినుట వేరు, ముప్పది పుటల వ్యాసం వ్రాయుట వేరు. ఆ సంవత్సరం నవంబరులో, ఢిల్లీలోని ఒక మహిళాకళాశాలలో గణితం చదువుతున్న తెలంగాణ విద్యార్థిని ప్రాణం తీసికొన్నది. ఒక మరణానికి ఒకే కారణం చెప్పుట సాహసం. ఆ కుటుంబానికి లాప్‌టాప్ కొనే శక్తి లేదన్నదీ, రావలసిన విద్యార్థివేతనం సకాలంలో రాలేదన్నదీ మాత్రం ఆనాడు దేశమంతా విన్నది.

లేనివారికి ఇచ్చుట మంచిదే. తమిళనాడు ప్రభుత్వం 2011 నుండి విద్యార్థులకు లాప్‌టాప్‌లు ఉచితంగా పంచినది. వాని మూతలమీద నాటి ముఖ్యమంత్రి చిత్రం ముద్రించి ఉండెడిది. గొలుసు ఇక్కడ ఇనుముతో చేసినది కాదు, కృతజ్ఞతతో చేసినది. గ్రంథాలయపు పుస్తకం తెరచినవాడు ఎవరికీ నమస్కరించవలసిన పనిలేదు. దానముగా వచ్చినదానికీ, హక్కుగా వచ్చినదానికీ ఉన్న తేడాను విద్యార్థి పాఠం లేకుండానే గ్రహించును.

వస్తువు చేతికి వచ్చినంత మాత్రాన అక్షరాస్యత రాదు. కోళికోడుకు పొరుగున ఉన్న మలప్పురం జిల్లాలో 2002లో ఆరంభమైన ‘అక్షయ’ పథకం ఇంటికొక్కరికైనా కంప్యూటరు నేర్పవలెనని సంకల్పించినది. గొప్ప సంకల్పం. కాని ఇంటికి ఒక్కరే అన్నప్పుడు ఆ ఒక్కరు ఎవరన్న ప్రశ్న ప్రతి ఇంటిలోనూ మిగులుతుంది. వెనుకటికి సంతకం చేయనేర్చినవానిని అక్షరాస్యుడుగా లెక్కించినట్లే, నేడు తెరమీద వ్రేలు జరుపనేర్చినవానిని లెక్కించుచున్నారు. వచ్చిన వార్త నిజమా కాదా అని విచారించుట, సంస్థ తన వివరాలు ఎందుకు అడుగుతున్నదని తిరిగి అడుగుట, తన భాషలో తాను వ్రాసికొనుట — ఇవి అభ్యాసం వల్ల వచ్చేవి. అభ్యాసానికి గంటలు కావలెను.

ఆ గంటలు ఇచ్చుటకు కళాశాలకు కావలసినది పెద్ద ధనం కాదు. పుస్తకం అరువిచ్చినట్లే పది లాప్‌టాప్‌లు అరువియ్యవచ్చును. పై తరగతివారు క్రింది తరగతివారికి నేర్పవచ్చును. సాయంకాలం అయిదింటికి మూసే గదిని తొమ్మిది వరకు, బాలురకూ బాలికలకూ సమంగా, తెరచి ఉంచవచ్చును. అడ్డు వచ్చేది ఉద్యోగి భయం. పోయిన పుస్తకానికి గ్రంథపాలకుని జవాబుదారుని చేసినంత కాలం అలమారలు మూసియే ఉండినవి. నేడూ తనిఖీకి వచ్చినవారు పగిలిన యంత్రానికి సంజాయిషీ అడుగుతారు. పెట్టె విప్పకయే పాతబడిన యంత్రాన్ని నిల్వలో సరిగా ఉన్నదని వ్రాసికొని పోతారు. సంవత్సరారంభంలోనే మరమ్మతులకూ నష్టానికీ కొంత సొమ్ము ప్రత్యేకించి, ఆ బాధ్యతనుండి ఆ ఉద్యోగిని తప్పించుట పాలకవర్గం చేయదగిన మొదటి పని.