అతుకు ధర్మం

పాడైన వస్తువును బాగుచేయడం పొదుపు కిందికి వస్తుందా, ధర్మం కిందికి వస్తుందా? ఈ ప్రశ్నను ఎవరూ సాధారణంగా స్నోబోర్డు దగ్గర అడగరు. మేము అక్కడే అడగదలచుకున్నాం. మిషిగన్ వంటి చలి రాష్ట్రాలలో స్థిరపడిన మన కుటుంబాలలో, పిల్లలున్న ఇంటి గరాజులో గోడకు ఆనించిన బోర్డు ఒకటి కనబడటం ఇప్పుడు వింత కాదు. మంచు పలచగా ఉన్న డిసెంబరులోనో, కరిగిపోతున్న మార్చిలోనో రాయి మీదుగా జారి అడుగున గీత పడని బోర్డు అరుదు. పిల్లవాడు దాన్ని తిరగేసి చూపించి, "ఇంక ఇది పోయినట్టేనా నాన్నా?" అని అడుగుతాడు. మనం ఇచ్చే జవాబును వాడు బోర్డుకు మాత్రమే అన్వయించుకుని ఊరుకోడు. అందుకే ఈ చిన్న విషయం మీద నాలుగు మాటలు.

ఈ ఆట పుట్టుకలోనే ఒక అతుకు ఉంది. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్‌లోని మస్కీగన్ పట్టణంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, తన కూతుళ్ళ ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒక్కటి చేశారు. 'స్నర్ఫర్' అనే ఆటవస్తువు అలా వచ్చింది. దాని నుంచి పెరిగిన ఆట 1998లో నగానో ఒలింపిక్స్‌కు చేరింది. ఇంట్లో ఉన్నదాన్ని కొత్త పనికి మలచుకున్న తండ్రి చేతిపని అది.

ఇప్పటి బోర్డు అడుగున ఉండేది పాలిథిలీన్. పాల డబ్బాకు వాడే జాతిదే. కాకపోతే మంచి బోర్డులలో దాని అణువుల గొలుసులు చాలా పొడుగు, అందుచేత గట్టిదనం ఎక్కువ. మందం మాత్రం మిల్లీమీటరు కన్న కాస్త ఎక్కువ, అంతే. చౌక రకాలలో కరిగించి రేకులా లాగినది ఉంటుంది. ఖరీదైన రకాలలో పొడిని వేడితో, ఒత్తిడితో దిమ్మగా చేసి, ఆ దిమ్మ నుంచి పలచగా చెక్కి తీస్తారు. ఈ రెండోది మైనాన్ని బాగా పీల్చుకుంటుంది, వేగంగా జారుతుంది.

వైద్యులకు ఈ పదార్థం పాత పరిచయమే. 1962 నవంబరులో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆస్పత్రిలో సర్ జాన్ చార్న్లీ, అరిగిపోయిన తుంటి కీలుకు గిన్నెగా అమర్చడం మొదలుపెట్టింది ఈ జాతి పాలిథిలీన్‌నే. అంతకు ముందు ఆయన టెఫ్లాన్ గిన్నెలు వాడారు. అవి కొన్నేళ్ళకే అరిగిపోయాయి. ఎందరికో మళ్ళీ ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. ఆయన ఆ వైఫల్యాన్ని కప్పిపుచ్చలేదు. రెండు పదార్థాల పొడినీ తన తొడలోకే ఎక్కించుకుని, శరీరం దేనిని ఎలా భరిస్తుందో పరీక్షించి, తేలిన సంగతిని 1963లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. బాగుచేసేవాడి మొదటి ధర్మం ఏమిటో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది. తాను వేసిన అతుకు నిజంగా నిలుస్తుందా అని తానే అనుమానించాలి, తేలినదాన్ని నలుగురికీ చెప్పాలి.

దేనికీ అంటుకోకపోవడమే పాలిథిలీన్ గొప్ప. తామరాకు మీద నీటిబొట్టులా మంచు దాని మీద జారిపోతుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ గుణమే అడ్డు వస్తుంది. మామూలు జిగురు ఏదీ దాన్ని గట్టిగా పట్టుకోదు. దాని జాతి పదార్థాన్నే కరిగించి పోస్తేనే కలుస్తుంది. కనుక మరమ్మతుకు కూర్చునే ముందు దెబ్బ ఎంత లోతుకు వెళ్ళిందో చూడాలి. తక్కినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

లోతును బట్టి దెబ్బలు మూడు రకాలు. గోరు తగిలినా తెలియని వెంట్రుకవాటి గీతలు మొదటి రకం. వాటిని ముట్టుకోనక్కరలేదు, వేడి మైనం పట్టిస్తే చాలు. గోరు దిగే గాడి రెండో రకం. అది పాలిథిలీన్‌లోనే ఆగిపోయింది కనుక ఇంట్లోనే పూడ్చుకోవచ్చు. లోపలి గాజునార పొర, చెక్క కనిపించే గుంట మూడో రకం. అక్కడ కరిగించి పోసినది అడుగున పట్టు దొరకక నాలుగు రోజుల్లో ఊడిపోతుంది. దానికి ఎపాక్సీ పెట్టి, అంటుకునేలా వెనుకవైపు సిద్ధం చేసిన పాలిథిలీన్ ముక్కను కోసి అతికించాలి. అంచునున్న ఉక్కు పట్టీ వంగినా, పక్కల పొరలు విడినా అనుభవమున్న దుకాణానికి ఇవ్వడమే తెలివి. తెలియని పనిని తెలిసినవాడికి అప్పగించడంలో చిన్నతనం లేదు. మా వృత్తిలో రోజూ చేసేది అదే.

రెండో రకానికి చేసే పని ఇంట్లో పెద్దలు దగ్గరుండి నేర్పదగినది. బోర్డును వెచ్చని గదిలో పూర్తిగా ఆరనివ్వాలి. గాడిలోని పాత మైనాన్నీ మట్టినీ తుడిచి, లేచిన పోగులను పదునైన కత్తితో కోసేయాలి. పీ-టెక్స్ కడ్డీని వెలిగించి, మొదటి చుక్కలను ఒక లోహపు రేకు మీదికి పోనివ్వాలి. మంట నీలంగా చిన్నదయ్యాక, మసి లేకుండా కారే చుక్కలను దగ్గరగా పట్టి గాడిలో నింపాలి. మసి కలిస్తే అతుకు బలహీనమవుతుంది. నిండుగా, కాస్త పైకి ఉబికేలా పోసి పూర్తిగా చల్లారనివ్వాలి. తొందరపడి గీకితే నింపినదంతా పెళ్ళలా లేచి వస్తుంది. చల్లారాక ఉక్కు స్క్రేపరుతో కొంచెం కొంచెంగా గీకి సమం చేసి, చివర మైనం పట్టించాలి. కిటికీలు తెరిచి పెట్టుకోవాలి. వేడి చుక్క చర్మం మీద పడితే లాగి పీకకూడదు. ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళ కింద ఉంచి, తరువాత వైద్యుడికి చూపించాలి. ఈ మాట మాత్రం డాక్టర్లుగా చెబుతున్నాం.

ఇంత చేసినా ఆ చోటు మునుపటిలా కాదు. కడ్డీ పదార్థం అసలుదాని కన్న మెత్తన, మైనాన్ని తక్కువ పీలుస్తుంది. అతుకు అతుకే. ఈ విషయంలో శరీరం మన అలవాటును కాస్త చెడగొట్టింది. మేము గాయాన్ని కడిగి, అంచులు కలిపి కుట్టు వేస్తే, మిగతా పనంతా శరీరమే చేసుకుంటుంది. ఘనత సగం మాకు దక్కుతుంది. బోర్డుకు అటువంటి సాయం లేదు. దానిలో రక్తం ప్రవహించదు, కొత్త కణాలు పుట్టవు. మనం ఎంత శ్రద్ధ పెడితే అంతవరకే అది బాగుపడుతుంది, మనం వదిలేసిన లోపం వదిలేసినట్టే ఉంటుంది. తానుగా మానలేని వస్తువు దగ్గర మన శ్రద్ధ ఎంతటిదో దాపరికం లేకుండా తేలిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మూడో రకం గుంట మీద కూడా నల్లగా కరిగించి పోసి, నల్లని అడుగుతో కలిసిపోయేలా గీకి, మైనంతో మెరిపించవచ్చు. చూసేవాళ్ళకు కొత్తదే. లోపల మాత్రం తడిసిన చెక్కను తడితోనే మూసేశాం. ఆ తడి నెమ్మదిగా చెక్కను చివికిస్తుంది, పొరలను విడదీస్తుంది. పైకి మానినట్టుండి లోపల చీము పట్టిన పుండు ఎటువంటిదో ఏ వైద్య విద్యార్థిని అడిగినా చెబుతాడు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. మా ఉద్దేశంలో మంచి మరమ్మతుకూ చెడ్డ మరమ్మతుకూ తేడా చేతి నైపుణ్యంలో కన్న ఇక్కడ ఎక్కువ ఉంది. దెబ్బ లోతును ఒప్పుకున్నది మంచి మరమ్మతు. ఒప్పుకోనిది ఎంత నునుపుగా ఉన్నా వేషమే.

మన ఊళ్ళలో చిల్లిపడ్డ బిందెకు మాటు వేసేవారు. మాటు ఎక్కడుందో చూసిన ప్రతివారికీ తెలిసేది. బిందె నీళ్ళు పట్టేది, ఎవరూ సిగ్గుపడేవారు కాదు. ఇత్తడి గిన్నెకు కళాయి అరిగితే మళ్ళీ పూయించేవారు, అది ఒకసారితో తీరే పని కాదని అందరికీ తెలుసు. బోర్డుకు మైనం పట్టించడం కూడా కళాయి వంటిదే. అతుకును దాచాలన్న తాపత్రయం వస్తువును వాడుకునేవాడిది కాదు, అమ్ముకునేవాడిది.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఒక మిత్రుడి లెక్క ప్రకారం, సాయంత్రమంతా కూర్చుని గాడి పూడ్చే బదులు ఆ గంటలు ఉద్యోగం చేస్తే కొత్త బోర్డు ఖరీదులో కొంత వస్తుంది. లెక్క సరైనదే. కాని ఆ లెక్కన ఇంట్లో వంట చేసుకోవడం, పిల్లలకు గుణింతాలు దిద్దించడం కూడా నష్టమే. గంటకు ఇంత అని వెల కట్టడం నేర్చుకున్న మనం, వెల కట్టకుండా గడిపే గంటలు ఏవో ముందే నిర్ణయించుకోవాలి. లేకపోతే అటువంటివి మనకు మిగలవు.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. బాగుచేయడమే ధర్మమైతే ఎంతవరకు? పొరలు విడిపోయి, చెక్క చివికిన బోర్డును కూడా పట్టుకు వేలాడాలా? అక్కరలేదు. ఏ చికిత్స రోగికి మేలు చేస్తుందో, ఏది మన మొండితనాన్ని మాత్రం తృప్తిపరుస్తుందో విడదీసి చూడటం వైద్యంలో కష్టమైన పాఠం. వస్తువుల విషయంలో ఆ పాఠం కొంత సులభం. పని చేయనిదాన్ని వదిలేయడమూ దాని లోతును ఒప్పుకోవడంలో భాగమే. గీత పడిందని పారేసేవాడూ, చివికిపోయినా అతికేవాడూ ఇద్దరూ తిరగేసి సరిగా చూడనివారే.

మూడోది మన సంఘానికి సూటిగా తగులుతుంది. పిల్లలు రెండు శీతాకాలాలలో బోర్డు కన్న పొడుగవుతారు. ఆ బోర్డు ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి వెళుతుంది, కొన్నిసార్లు ఊరికే, కొన్నిసార్లు కొద్ది డబ్బుకు. అప్పుడు అడుగున ఉన్న అతుకు సంగతి చెప్పాలా? "వాళ్ళు అడగలేదు కదా" అనేది వినడానికి బాగానే ఉంటుంది. కాని అడగడానికి వాళ్ళకు ఏం తెలుసని? తెలిసినవాడు మాట్లాడకపోతే తెలియనివాడు అడగలేడు. చిన్న గాడి పూడ్పుతో ఎవరికీ ప్రమాదం లేదు. విడిపోబోతున్న పొర, వదులైన ఉక్కు అంచు అలా కాదు. వాటి మీద నిలబడి కొండ దిగేది మరొకరి బిడ్డ. ఏ దెబ్బ చెప్పాలి, ఏది చెప్పనక్కరలేదు అని ఇచ్చేవాడు తన సౌకర్యాన్ని బట్టి తేల్చుకునే కన్న, అన్నీ చెప్పి తీసుకునేవాడిని తేల్చుకోనివ్వడమే న్యాయం.

కనుక మా సూచన చిన్నది. ఈ శీతాకాలం సంఘంలో బోర్డులు చేతులు మారేటప్పుడు ప్రతి బోర్డుకూ ఒక చీటీ కడదాం. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత లోతు, దేనితో పూడ్చారు, ఎవరు చేశారు అనే నాలుగు సంగతులు దాని మీద తెలుగులో రాద్దాం. రాసే పని పిల్లలకు అప్పగిద్దాం. అక్షరాలు వంకరగా వచ్చినా ఫరవాలేదు, లోతు మాత్రం సరిగా రాస్తే చాలు.