రెండు బ్లాకుల మధ్య బుద్ధుడు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి నుంచి వచ్చిన బుద్ధుడొకడు నిలుచుని ఉన్నాడు. మూడో శతాబ్దం నాటివాడని చెబుతారు. ఆయన చోటు భారతీయ శిల్పాల గది. బర్మా, చైనా, జపాన్ వంటి తూర్పు దేశాల కళకు మాత్రం వేరే భవనం ఉంది, తూర్పు బ్లాకు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన సంపద 1951లో ప్రజల ముందుకొచ్చింది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న కట్టడంలోకి మారింది, ఆ తర్వాత ఇరుపక్కలా కొత్త బ్లాకులు లేచాయి. సేకరణ పెరిగినప్పుడు భవనాలు పెరగడంలో తప్పేమీ లేదు. కానీ ఒక భవనం దిగి ఇంకో భవనం ఎక్కేసరికి చూసేవాళ్ళ మనసులో తెలియకుండానే ఒక గీత పడుతుంది. ఇటువైపువి మనవి, అటువైపువి పరాయివి. ఈ గీతను చెరిపేయాలని నా వాదన. రామగుండం, గోదావరిఖని వైపు నుంచి చూసినప్పుడు అది ఎంత అసహజమో మరింత బాగా కనబడుతుంది. తూర్పు ఆసియా కళను చూపే చిన్న గది ఒకటి ఉండదగిన చోటు కూడా ఈ బొగ్గు నేలేనని నమ్ముతాను. ఈ మాటకు గట్టి పూర్వపక్షం కావాలి కనుక, గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడొకడు ఎదురుగా కూర్చున్నాడనుకుందాం. మెత్తగా ఒప్పుకునే మనిషి కాదాయన.

ఆయన మొదటి ప్రశ్న ఊహించడం కష్టం కాదు. “తప్పుగ అనుకోకున్రి సార్. బాయిల దిగి ఎనిమిది గంటలు పనిచేసి వచ్చేటోనికి బర్మా బొమ్మలు ఏం అక్కెర? ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగ్ చేస్తే ఇండ్లు పగుళ్ళిస్తున్నయి, పిల్లలకు దుమ్ముతోని దగ్గులు. ముందుగాల అవి చూడున్రి.” అన్నా, దగ్గు ముందు, బొమ్మ తర్వాత. ఈ వరసలో నాకు భేదాభిప్రాయం లేదు. అయితే మీ ప్రశ్నలో ఇంకో మాట దాగి ఉంది. బర్మాకూ కష్టజీవికీ సంబంధం లేదని మీరు అనుకుంటున్నారు. తెలుగువాళ్ళకు బర్మా చాలాకాలం పనికి పోయే ఊరు. కోరంగి రేవు పేరు మీదుగానే అక్కడివాళ్ళు తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు. ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఓడలెక్కిన వాళ్ళు రంగూన్ రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు జీతాలు పెంచమని సమ్మె కట్టారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరాక ఆ బర్మావాళ్ళను వెళ్ళిపొమ్మన్నారు. పొట్ట కొట్టిన కోపం యజమాని మీదికి పోకుండా పక్కనున్న కూలీ మీదికి మళ్ళింది, ఊచకోతలో ఎందరో తెలుగువాళ్ళు పోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు మిగిలినవాళ్ళలో వేలమంది కొండలూ అడవులూ పట్టి కాలినడకన దేశం చేరారు. తర్వాతి దశాబ్దాల్లో తిరిగొచ్చిన కుటుంబాల గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు ఈనాటికీ ఉంది. సమ్మెను విరగ్గొట్టడానికి ఒక పేదవాడి మీదికి ఇంకో పేదవాణ్ణి ఉసిగొల్పడం ఎట్లా ఉంటుందో సింగరేణిలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ సంగతి చెప్పకుండా ఒక బర్మా లక్కపెట్టెను మాత్రం అందంగా దీపం కింద పెడితే, తెలుగు నేలమీద ఆ ప్రదర్శన సగమే జరిగినట్టు.

“అది కూలోళ్ళ ముచ్చట. బుద్ధునికి దానికి ఏం సంబంధం?” అని ఆయన ఆగడు, ఆగకూడదు కూడా. ఇక్కడ ధూళికట్ట దగ్గరికి రావాలి. అది దూరాన లేదు, రామగుండం ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే ఉంది. హుస్సేన్‌మియా వాగు పక్కన మట్టికోట ఆనవాళ్ళు, కొద్ది దూరంలో బౌద్ధ స్తూపం. 1970ల్లో పురావస్తు శాఖ తవ్వినప్పుడు శాతవాహన కాలపు నాణేలు, ఇటుక కట్టడాలు, స్తూపానికి తొడిగిన సున్నపురాతి ఫలకాలు బయటపడ్డాయి. వాటిలో పేరుపడ్డది ముచిలింద నాగ ఫలకం. కథ తెలిసిందే. జ్ఞానోదయమైన తర్వాతి వారాల్లో అకాలవర్షం పట్టుకుంటే, ధ్యానంలో ఉన్న బుద్ధుణ్ణి నాగరాజు ముచిలిందుడు ఏడుచుట్లు చుట్టుకుని, తలమీద పడగ పట్టి కాపాడాడు. ధూళికట్ట శిల్పి ఈ ఘట్టాన్ని చెక్కుతూ బుద్ధుడి రూపం చెక్కలేదు. ఆ కాలపు మర్యాద ప్రకారం గుర్తుతోనే ఆయన్ని సూచించి, బలమంతా పాము మీద పెట్టాడు. రక్షణ పొందుతున్నవాడు కనబడడు, రక్షిస్తున్నది మాత్రం కళ్ళ నిండా కనబడుతుంది. ఆ తర్వాత కృష్ణాతీరంలో, నాగార్జునకొండ వంటి చోట్ల, బుద్ధుడు మనిషి రూపంలో ఆ చుట్టల మీదికి వచ్చి కూర్చున్నాడు. ఇంకా ఎన్నో వందల ఏళ్ళకు కంబోడియాలో ఖ్మేర్ శిల్పులు ఆ ఒక్క ఘట్టాన్నే తీసుకుని తమ దేశపు ప్రధాన ఆరాధ్యమూర్తిగా మలిచారు. ఏడో జయవర్మ కట్టించిన బాయోన్ ఆలయపు పెద్ద మూర్తి నాగం మీది బుద్ధుడే. తర్వాత ఎవరో దాన్ని పగలగొట్టి గోతిలో పడేస్తే, 1933లో ముక్కలు దొరికాయి, అతికించి నిలబెట్టారు. బర్మాలో మాత్రం అదే కథ జ్ఞానోదయం తర్వాతి ఏడు వారాల్లో ఆరోదిగా, వరసలో ఒకటిగా ఉండిపోయింది. అక్కడ నాగం శనివారానికి గుర్తు. ష్వేడగోన్ పగోడా చుట్టూ వారంలో ఒక్కో రోజుకు ఒక్కో మూల ఉంటే, శనివారం పుట్టినవాళ్ళు నాగం ఉన్న మూలకు వెళ్ళి నీళ్ళు పోస్తారు. మన ఇళ్ళల్లో నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఆడవాళ్ళకు ఆ మూల దగ్గర ఎవరూ ఏమీ విప్పి చెప్పనక్కర్లేదు.

నా వాదనకు ఆధారం ఈ వరసే. ధూళికట్ట ఫలకాన్ని ‘స్థానిక చరిత్ర’ అని ఒక చోటా, నాగబుద్ధుణ్ణి ‘ఆగ్నేయాసియా కళ’ అని ఇంకో చోటా పెడితే రెండూ మూగవోతాయి. ఒకదాని పక్కన ఒకటి పెడితే చూసేవాడికి ప్రశ్న పుడుతుంది. ఇక్కడ ఖాళీగా ఉన్న చోట అక్కడ మనిషి ఎందుకు వచ్చాడు? మనం ఒక ఘట్టంగా చూసినదాన్ని వాళ్ళు దేవుడిగా ఎందుకు నిలుపుకున్నారు? బర్మా శిల్పికి పాము కంటే నేలను తాకిన బుద్ధుడి చెయ్యి ఎందుకు ముఖ్యమైంది? కళను చూడటమంటే నా దృష్టిలో ఇట్లాంటి ప్రశ్నలు పుట్టడమే. ఒంటరిగా నిలబెట్టిన వస్తువు మెప్పును పుట్టిస్తుంది, అంతకంటే ముందుకు తీసుకుపోలేదు.

ఇప్పుడు ఆయన గొంతులో సంతోషం వినబడుతుంది. “అంటే అంతా మనకాడి నుంచే పోయిందన్నట్టు. మరి ఆ ముచ్చట గట్టిగ చెప్పున్రి.” నేను వెనక్కి లాగవలసింది ఇక్కడే. ఈ గర్వం కొత్తది కాదు. 1926లో కలకత్తాలో ‘బృహత్తర భారత’ సంఘం పెట్టిన పండితులు ఆగ్నేయాసియాను మన పాత వలసగానే చదివారు. అమరావతి శైలి అని పేరుపెట్టిన వియత్నాం దొంగ్ దుయోంగ్ కంచు బుద్ధుడి విషయంలోనే, అది ఎక్కడ పోతపోసింది, ఏ కాలానిది అన్న చర్చ తర్వాత చాలా దూరం పోయింది. బర్మాలో ప్యూ జనుల నాటి శ్రీక్షేత్రంలో బంగారు రేకుల మీద పాళీ పాఠం దొరికింది, దాని లిపికి మన దక్షిణాది లిపులతో చుట్టరికం ఉంది. నిజమే. కానీ లిపి నేర్చుకున్నవాడు తన మాట తాను రాసుకుంటాడు. ఖ్మేర్ శిల్పి ధూళికట్టను నకలు చేయలేదు, అసలు దాని పేరే విని ఉండడు. బుద్ధుడి కథ గోదావరి నేలకు కూడా ఎక్కడో బయటి నుంచి వచ్చిందే. గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన శిష్యులను ఉత్తరాదికి, బుద్ధుడి దగ్గరికి పంపాడని సుత్తనిపాతం చెబుతుంది. అందుకున్నవాళ్ళమే మనం, అందించినవాళ్ళమూ మనమే. ఈ రెండో సగం చెప్పి మొదటి సగం దాచే గది ఎంత పెద్దదైనా నాకు వద్దు.

“సరే సార్, ఒకటి అడుగుత. గా బర్మా బొమ్మలు ఇక్కడికెట్లొచ్చినయ్? ఎత్తుకొచ్చినయే గద? మా కాడి బొగ్గు పోయినట్టే.” అన్నిటికంటే బరువైన అడ్డు ఇదే, దీన్ని తేలిగ్గా దాటేసే హక్కు నాకు లేదు. 1885లో ఆంగ్లేయులు మాండలే పట్టుకుని థీబా రాజును రత్నగిరికి పంపినప్పుడు, రాజచిహ్నాలు లండన్ చేరాయి. 1964లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాటిని బర్మాకు తిరిగి ఇచ్చింది. బర్మా కృతజ్ఞతగా హంస ఆకారపు బంగారు పాత్రను ఒకదాన్ని తిరిగి ఆ మ్యూజియానికే కానుక చేసింది. అదే వస్తువు అదే చోట ఇప్పుడు దోపిడీ సొత్తు కాదు, ఇచ్చిన వస్తువు. మన వైపు చూస్తే, ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బుద్ధారాధకుల శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2016లో భారతదేశానికి అప్పగించింది. అమరావతి ఫలకాలు మాత్రం 1880లో చేరిన బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. అందుకని దొంగసొత్తని తేలినదాన్ని తిరిగి ఇవ్వాలి, ఇందులో బేరం లేదు. తక్కినవాటి విషయంలో నేను కోరేది మీకు బాగా తెలిసిన పని. సైడింగ్‌లో వ్యాగన్ కదిలేముందు ఏ బాయి బొగ్గు, ఏ గ్రేడు, ఎన్ని టన్నులు, ఎవరికి పోతున్నది అన్నీ కాగితం మీద ఉంటాయి. మ్యూజియంలో ఎన్నో శిల్పాలకు ఆ పాటి వివరం కూడా రాసి ఉండదు. దేశం, శతాబ్దం, రాయి, అంతే. ఎవరు తీశారు, ఎవరు అమ్మారు, ఏ సంవత్సరంలో ఇక్కడికి చేరింది అన్నవి శిల్పం పక్కనే తెలుగులో రాసి ఉండాలి. ఆ దారి చెప్పడానికి జంకే వస్తువును చూపడానికీ జంకాలి.

గుడిలో ఉండవలసిన మూర్తిని గాజు వెనుక పెట్టడం పాపం కాదా అన్న సందేహం ఆయనకు రాకపోదు. బర్మాలో బుద్ధమూర్తికి అనేకజా తంతు జరిగితేనే పూజార్హత వస్తుంది. ఆ తంతులో ఉన్న ప్రాణాన్ని గ్యాలరీ ఇవ్వలేదు, ఇస్తున్నట్టు నటించనూ కూడదు. ఎవరైనా ఎదుట నిలబడి చేతులు జోడిస్తే కాపలాదారు అడ్డుపడకుండా ఉంటే చాలు.

“ఇంత చెప్పిన్రు. గది పెడితే ఎవలొస్తరు?” అన్నదే చివరి ప్రశ్న. ఇప్పుడైతే ఇక్కడివాళ్ళు భాగ్యనగర్ రైలెక్కి హైదరాబాద్‌కు 200 కిలోమీటర్లకు పైగా పోవాలి, ఒక రోజు మస్టర్ పోగొట్టుకోవాలి. నేననుకునే గది పెద్దది కాదు. ధూళికట్ట ఫలకానికి మంచి అచ్చుపోత, దాని పక్కన నాగబుద్ధులు, బర్మా ఏడువారాల చిత్రాలు, రంగూన్ రేవు కూలీల ఫొటోలు. ఇక్కడి మేడిపల్లి ఓపెన్‌కాస్ట్‌లో బయటపడ్డ స్టెగోడాన్ ఏనుగు దంతాలు హైదరాబాద్ బిర్లా మ్యూజియానికి వెళ్ళాయి. ఆ జాతిని శాస్త్రం మొదట వర్ణించింది 1820ల్లో బర్మాలో ఐరావతి నది ఒడ్డున ఏరుకొచ్చిన శిలాజాల నుంచి. ఆ దంతాల్లో ఒకటి ఈ గదికి తిరిగొస్తే బర్మాకూ రామగుండానికీ మనుషుల కంటే ముందటి చుట్టరికం కూడా గోడమీద కనబడుతుంది. సింగరేణి కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. లాభాల్లో తమ వాటా కొట్లాడి సాధించుకున్న కార్మికులు ఈ గదిని దానంగా కాక వాటాగానే అడగాలి. అడిగేటప్పుడు వేళల సంగతి కూడా అడగాలి. పొద్దున పదికి తెరిచి సాయంత్రం అయిదుకు మూసే గది ఫస్ట్ షిఫ్ట్ వాళ్ళకు పనికిరాదు. మూడింటికి పైకొచ్చి, స్నానం చేసి, తిని, కాసేపు పడుకుని లేచేసరికి అయిదు దాటుతుంది. రాత్రి ఎనిమిదిన్నర దాకా తలుపులు తెరిచి ఉండాలి, ఆదివారం తప్పకుండా ఉండాలి, పిల్లలకు టికెట్ ఉండకూడదు.